డెబ్భై రెండు మెట్లు

1వ రోజు

మసేనమ్మ పెద్దమ్మకి ఈ పూట తుంటి కీలు మార్చారు. పొద్దున్న కింది డెక్కు మీద నాచు ఆరబోస్తుంటే తడికి కాలు జారి పడింది. లేవబోతే కుడికాలు మాట వినలేదు. పాదం బయటికి తిరిగిపోయి ఉంది. నేను వెళ్ళేసరికి ఆవిడ తోడికోడలు ధనకొండ పెద్దమ్మ పక్కనే కూచుని, పడ్డావిడ మొహం మీద ఎండ పడకుండా చీర చెంగు అడ్డం పట్టుకుని ఉంది. ధనకొండ పెద్దమ్మకి చూపు లేదు. ఎండ ఎటునుంచి కొడుతోందో ఒంటికి తగిలిన వేడిని బట్టి చెప్పేస్తుంది.

అదృష్టం కొద్దీ ఆస్పత్రి పడవ ఒకటో రిగ్గు దగ్గరే ఉంది. ఫోటో తీశారు. యంత్రం గంటలో కొత్త కీలు అచ్చుపోసింది. సాయంత్రానికల్లా బిగించేశారు. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "నా పని అయిపోయింది లోవా, అసలు పని నీది" అన్నాడు. నిజమే. కీలు మార్చడం ఇప్పుడు ఒక పూట పని. ఆ కీలు మీద మనిషి లేచి నిలబడ్డం మాత్రం మా ముత్తవ్వల కాలంలో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే.

నా పేరు లోవకుమారి. సముద్రం మధ్య, ఒకప్పుడు గ్యాసు తవ్విన ఈ మూడో రిగ్గు మీద నూట అరవై మందిమి ఉంటున్నాం. పడి లేచినవాళ్ళని నడిపించడం, ఎవరు ఎంతవరకు సొంతంగా బతకగలరో కొలిచి ఒడ్డు ఆఫీసుకి పంపడం నా ఉద్యోగం. ఆ కాగితంలో అంకెలు తప్ప ఇంకేం పట్టవు. అందుకని ఇది వేరేగా రాసుకుంటున్నాను.

3వ రోజు

లేపి నిలబెట్టాను. తొమ్మిది క్షణాలు నిలబడింది. మొహం పాలిపోయి, చెమట పట్టి, నా భుజం మీద గోళ్ళు దిగేసింది.

"కొత్త కీలు ఎవరిదో నాకు పెట్టేరే. నా మాట ఇనట్లేదు" అంది.

"ఇవాళ్టికి చాలు పెద్దమ్మా."

"సాలని నువ్వు సెప్పకు. ఇంకోసారి లేపు."

రెండోసారి పద్నాలుగు క్షణాలు.

9వ రోజు

మొదటి కొలత వాళ్ళింట్లోనే చేశాను. ఇల్లంటే మూడో అంతస్తులో ఒక ఇనప గది. ఒకప్పుడు గ్యాసు తవ్వేవాళ్ళు పడుకున్న గది. రెండు మంచాలు, ఒక స్టవ్వు, కిటికీలోంచి సముద్రం. ఆ సముద్రం అడుగున ఎక్కడో వాళ్ళు కాపురానికి వచ్చిన ఊరు ఉంది. అన్నదమ్ములిద్దరికీ ఇచ్చి చేశారు వీళ్ళని. ఒకే గుమ్మంలో నలభై ఆరేళ్ళు.

పట్టికలో పది పనులు ఉంటాయి. తినడం, స్నానం, బట్ట కట్టుకోవడం, దొడ్డికి వెళ్ళి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడవడం, మెట్లు, అలాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు మార్కులు. ఎవరి చెయ్యీ పడకుండా చేసుకుంటే ఏడు. కర్ర సాయంతోనో, నిదానంగానో అయినా తనే చేసుకుంటే ఆరు. పక్కన ఒక మనిషి నిలబడి చూస్తుండాలంటే అయిదు. అక్కణ్ణించి ఒకటి దాకా, ఎదుటివాళ్ళ చెయ్యి ఎంత పడితే అంత తగ్గిపోతుంది. రిగ్గు మీద అందరూ దీన్ని చేవ పట్టిక అంటారు.

"తిండికి ఏడేసుకో. అందులో నాకు పోటీ లేదు" అంది మసేనమ్మ పెద్దమ్మ.

వేశాను. మంచం దిగడానికి మూడు. నడకకి రెండు. మెట్లకి ఒకటి.

"అక్కకి మెట్లకెంతొచ్చింది?" అని స్టవ్వు దగ్గర్నుంచి అడిగింది ధనకొండ పెద్దమ్మ.

"ఇంకా ఎక్కించలేదు పెద్దమ్మా. తొంభయ్యో రోజు వరకు టైముంది."

"తొంబయ్యో రోజుకి ఆరు రావాలి కదా?"

"ఆరు రావాలి."

రాకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మెట్ట విడిదికి పంపేస్తారు. పడవలో ఒక పగలు, ఆపైన బండిలో ఒక పగలు. అక్కడ నేలంతా చదును, గడపలు కూడా ఉండవు, అన్నీ మంచం దగ్గరికే వస్తాయి. తక్కువ మార్కులు వచ్చినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అక్కడ చోటు లేదు. మిగిలిన ఆ కాస్త నేల మీదా మాలాంటి సముద్రం జనాన్ని ఊరికే ఉండనివ్వరు. ధనకొండ పెద్దమ్మకి చూపు లేకపోయినా పదింటికి పదీ ఏడులే. ఈ రిగ్గు మీద ప్రతి రేకూ ప్రతి మలుపూ ఆవిడ పాదాలకి తెలుసు.

24వ రోజు

ఇవాళ చెప్పకుండా వెళ్ళాను. మసేనమ్మ పెద్దమ్మ చక్కగా చీర కట్టుకుని, జడ వేసుకుని, ఎత్తు కుర్చీలో కూచుని ఉంది. బట్ట కట్టుకోవడానికి ఆరు వేద్దామని కలం తీశాను. చూస్తే కుచ్చిళ్ళు ఎడమవైపుకి దోపి ఉన్నాయి. అలా దోపుకునేది ధనకొండ పెద్దమ్మ.

"ఎవరు కట్టారు చీర?"

ఇద్దరూ ఒకేసారి "నేనే" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. కానీ మూడే వేశాను. నాకు ఈ పని నేర్పిన మేడం ఒడ్డున క్లాసులో రోజూ ఒకటే చెప్పేది. చేయగలరా అని అడక్కు, చేస్తున్నారా అని చూడు. కళ్ళముందు చేసిందే రాయి. చేయగలిగినా చెయ్యకపోతే అది చెయ్యనట్టే.

ధనకొండ పెద్దమ్మని బయట కూచోబెట్టి తలుపేశాను. చివర కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఒకటి మసేనమ్మ పెద్దమ్మ చేతికిచ్చాను. వంగకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు. ఆ కర్రతోనే లంగా పైకి లాక్కుని, మంచం పట్టెకి ఆనుకుని చీర చుట్టుకోవడానికి ముప్పావు గంట పట్టింది. తలుపవతల్నుంచి ధనకొండ పెద్దమ్మ అయిదు నిమిషాలకోసారి, "అయ్యిందా అక్కా?" అని అడుగుతూనే ఉంది.

"అయితే నేనే పిలుత్తాను. నోర్మూసుకుని కూకో" అని లోపల్నుంచి ఈవిడ.

40వ రోజు

మెట్లు మొదలుపెట్టాం.

మేం ఉండే డెక్కు నుంచి ములుగు పడవ దాకా డెబ్భై రెండు ఇనప మెట్లు. ఒక మనిషి పట్టే వెడల్పు. ఇదివరకు తుపాను వస్తోందంటే మూడు రోజుల ముందు తెలిసేదట. ఇప్పుడు గంట ముందు తెలిస్తే గొప్ప. సైరన్ మోగగానే లిఫ్టులు ఆగిపోతాయి. అందరూ వరసగా ఈ మెట్లు దిగి ములుగు పడవలో కూచుంటే అది సముద్రం అడుక్కి వెళ్ళిపోయి గాలి తగ్గేదాకా అక్కడే ఉంటుంది. ఒక్కో మనిషి ఎనిమిది నిమిషాల్లో దిగాలి. ఎవరూ ఎవరినీ మొయ్యకూడదు. ఆ మాట మెట్ల మొదట్లో ఎర్ర బోర్డు మీద రాసి ఉంది.

ఆ బోర్డు పదకొండేళ్ళ కిందట పెట్టారు. మా నాన్న వల్ల.

మసేనమ్మ పెద్దమ్మకి నడుముకి తాడు కట్టి వెనకాల పట్టుకున్నాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చెప్పిందే చెప్తుంటే ఆవిడ పాటలా పాడుతూ నాలుగు మెట్లు దిగింది. నాలుగు ఎక్కేసరికి కాళ్ళు గజగజ వణికాయి. తుంటికి కట్టిన, బరువు కొలిచే పట్టీలో అంకె చూశాను. కుడికాలు సగం బరువు కూడా మొయ్యడం లేదు.

మార్కులు రెండు.

52వ రోజు

ఇరవై మెట్లు. మధ్యలో అలిసిపోయి మెట్టు మీదే కూచుంది. నేనూ ఒక మెట్టు పైన కూచున్నాను. కింద నీళ్ళు స్తంభాలకి కొట్టుకుంటున్నాయి.

"ఇక్కడే కదా మీ నాన్న ఆగిపోయింది?" అంది.

పదకొండేళ్ళలో ఎవరూ నా ఎదురుగా ఆ మాట ఎత్తలేదు. అవునన్నాను. ఆ తుపాను రోజు నాన్న నన్ను ముందు దిగిపొమ్మన్నాడు. నేను దిగిపోయాను. వెనక మా నాయనమ్మని వీపున వేసుకుని తనూ బయల్దేరాడు. ఇక్కడికొచ్చేసరికి నాన్న కాలు జారి, ఆవిడ మెట్ల మధ్యన ఇరుక్కుపోయింది. నాన్న ఆవిణ్ణి వదల్లేదు. వెనకవాళ్ళకి దారి లేదు. పడవ తలుపులు మూసేశారు. పంతొమ్మిది మంది పోయారు.

"మా ఇద్దరి మొగుళ్ళూ ఆయన ఎనకాలే ఉన్నారే" అంది పెద్దమ్మ.

నాకు తెలుసు. ఆ పంతొమ్మిది పేర్లూ నాకు కంఠతా వచ్చు. ఈ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ అది గుర్తొస్తూనే ఉంది.

"ఆయన్ని తోసేసి పోవచ్చు కదా ఆళ్ళు. తొయ్యలేదు. తోసుకుని దిగొచ్చినోడు ఒకడున్నాడు. వాడే సెప్పేడు నాకు. మా ఆయన కిందకి ఒంగి, మీ నాయనమ్మ కాలు ఊడదియ్యటానికి సూత్తన్నాడంట." కడ్డీ పట్టుకుని నా వైపు తిరిగింది. "మీ నాన్న తప్పేం లేదే లోవా. తల్లినొదిలేసి ఎవడు దిగుతాడు?"

నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యేసి, "లేపు. ఇంకో నాలుగు దిగుదాం" అంది.

61వ రోజు

ఇవాళ సైరన్ కసరత్తు. నిజం తుపాను కాదు. మూడు నెలలకోసారి అందరూ దిగి చూపించాలి.

కొలత పూర్తికానివాళ్ళు పైనే ఉండాలి. అందరూ దిగాక, టైముంటే, ఇద్దరు కాపలావాళ్ళు వాళ్ళని తాడుబుట్టలో దింపుతారు. టైముంటేనే. తొంభై రోజులు దాటితే ఆ బుట్ట కూడా లేదు. మసేనమ్మ పెద్దమ్మని మెట్ల పక్కన కుర్చీలో కూచోబెట్టాను. జనం దిగుతున్నారు. ధనకొండ పెద్దమ్మ వంతు వచ్చింది. కడ్డీ మీద చెయ్యి వేసి, ఆగిపోయింది.

"అక్కేదీ?"

"ఇక్కడున్నానే. నువ్వెల్లు."

"నువ్వు రాకుండా నేనెల్లను."

"ఇది ఉత్తుత్తిదే ధనా. దిగు."

ధనకొండ పెద్దమ్మ కడ్డీ వదిలేసి, మెట్ల మొదట్లోనే చతికిలబడింది. వెనక నలభై మంది ఆగిపోయారు. రిగ్గు పెద్ద గోవిందరాజులు కింద నుంచి మైకులో అరుస్తున్నాడు. ఒక పిల్ల ఏడుపు అందుకుంది. ఇద్దరు కలిసి ఆవిణ్ణి లేపి పక్కకి తప్పించేసరికి మూడు నిమిషాలు పోయాయి.

నేను మసేనమ్మ పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ తోడికోడలి వైపు చూడ్డం లేదు. ఆగిపోయిన వరస వైపు చూస్తోంది. ఒక్కొక్క మొహాన్నీ లెక్కపెడుతున్నట్టుగా చూస్తోంది.

84వ రోజు

దిగింది! డెబ్భై రెండూ దిగింది!

పొద్దున్న ఎవరూ లేనప్పుడు తీసుకెళ్ళమంది. నడుముకి తాడు వద్దంది. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో కర్ర. నేను రెండు మెట్లు వెనక. ఏడు నిమిషాల నలభై క్షణాలు. పట్టీలో అంకె పచ్చగా వెలుగుతోంది. కుడికాలు ఇంచుమించు పూర్తి బరువు తీసుకుంటోంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి! అడుగున నిలబడి ఆవిణ్ణి వాటేసుకుని నేను చిన్నపిల్లలా గెంతాను.

ఆవిడ గెంతలేదు. తలెత్తి మెట్లన్నీ పైదాకా చూసింది.

"దిగ్గలనో లేదో తెలవాలి కదా. తెలిసింది" అంది. "ధనకి సెప్పకు. తొంబయ్యో రోజు నువ్వు కొలిసినప్పుడే తెలుత్తాది."

సరేనన్నాను. ధనకొండ పెద్దమ్మని సంతోషపెడదామని దాస్తోంది అనుకున్నాను.

90వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పది గంటలకి మొదలు. గాలి లేదు, ఎండ బాగా ఉంది. అడుగున గోవిందరాజులు గడియారంతో నిలబడ్డాడు. మెట్ల మొదట్లో ధనకొండ పెద్దమ్మ, తల ఒక పక్కకి వంచి చెవొగ్గి ఉంది. నేను మసేనమ్మ పెద్దమ్మకి ఒక మెట్టు వెనక.

మొదటి నలభై మెట్లు మొన్నటికంటే బాగా దిగింది. నలభై ఒకటో మెట్టు మీద ఆగింది. ఊపిరి తీసుకుంటోంది అనుకున్నాను. తర్వాత నెమ్మదిగా, నేను నేర్పినట్టే, మంచి కాలి మీద బరువు వేసి, కడ్డీ పట్టుకుని కూచుంది.

"నొప్పా పెద్దమ్మా?"

"లేదు."

"మరి లేవండి. ఇంకా మూడున్నర నిమిషాలు ఉన్నాయి."

"నావల్ల కాదని రాయి."

పట్టీ వైపు చూశాను. పచ్చగానే వెలుగుతోంది. ఆవిడ నా చూపు పట్టుకుని, పమిట లాక్కుని పట్టీ మీద కప్పేసింది.

"మొన్న దిగారు కదా. నేను చూశాను కదా" అన్నాను.

"ఎండలో దిగేను. గాలి లేనప్పుడు దిగేను. ఆ రోజు, వానలో, కింద సముద్రం లేత్తా ఉంటే దిగుతానా? నువ్వు కొలిసేదానివి కదా. నా మొకం సూసి సెప్పు."

నేను కింద నీళ్ళ వైపు చూశాను.

"నేను ఇక్కడ ఆగితే అది నా ఎనకాల ఆగుద్ది. నన్నొదిలి దిగదది. దాని ఎనకాల నలభై మంది. మీ నాన్నకి అంత ఆలోసించే టైము లేదు. నాకు తొంబై రోజులుంది." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దిగలేదని రాయి. దిగనన్నానని రాయకు. దానికి ఎప్పుడూ సెప్పకు. ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. కింద నుంచి గోవిందరాజులు, "టైము అయిపోయింది" అన్నాడు.

కళ్ళముందు చేసిందే రాయాలి. నలభై ఒక్క మెట్టు దిగి కూచుంది. పైకి గోవిందరాజులూ నేనూ పట్టుకుని తీసుకెళ్ళాం. మెట్లకి రెండు వేశాను.

93వ రోజు

మెట్ట పడవ వచ్చింది. మసేనమ్మ పెద్దమ్మ సామాను ఒక సంచీకి సరిపోయింది. లిఫ్టులో దిగేముందు ధనకొండ పెద్దమ్మకి ఉప్పు ఏ డబ్బాలో, కారం ఏ డబ్బాలో మళ్ళీ చెప్పింది. ధనకొండ పెద్దమ్మ అన్నిటికీ ఊ కొట్టింది. అక్క మొహాన్ని రెండు చేతులతో తడుముతూ ఉండిపోయింది. నుదురు, కళ్ళు, ముక్కు, గడ్డం. పడవవాళ్ళు తొందరపెట్టేదాకా వదల్లేదు.

పడవ చప్పుడు దూరమయ్యాక నా వైపు తిరిగింది.

"రెండేసేవా?"

"పెద్దమ్మా..."

"మూడు నెలలు మా ఇంట్లో టీ తాగి, మా అక్కకి రెండేసేవా? నీ సెయ్యి పడిపోను."

డెక్కు మీద అందరూ వింటున్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను.

101వ రోజు

ఎనిమిది రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం తనే నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "నా పరీచ్చ ఎప్పుడు?" అని అడిగింది. ఏడాదికోసారి ముసలివాళ్ళందరినీ కొలవాలి.

"ఇంకో ఇరవై అయిదు రోజులుంది."

"ఆ రోజు నేను మూడో మెట్టు మీద కూకుండిపోతాను. రెండెయ్యి. కాకపోతే ఒకటెయ్యి. మెట్టకి పంపించు."

"వద్దు పెద్దమ్మా. మీరలా చేస్తే ఆవిడ చేసిందంతా..." అని నాలిక్కరుచుకున్నాను.

ఆవిడ లోపలికి వచ్చి, తడుముకుని నా మంచం మీద కూచుంది.

"నాకు తెలుసే. నలభై ఆరేళ్ళు దాని ఊపిరి ఇంటా పడుకున్నాను. ఆ రోజు మెట్ల మీద అది అలిసిపోయి కూకోలేదు. అలిసిపోతే ఊపిరి ఇంకోలా ఉంటాది దానికి. కూకోవాలని కూకుంది."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"అడిగితే అబద్దం సెప్పుద్ది. అది నాకు ఎప్పుడూ అబద్దం సెప్పలేదు. దాని సేత సెప్పించటం ఎందుకు?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ మీద కోపం తెచ్చుకున్నాను. ఎవరో ఒకరి మీద తెచ్చుకోపోతే ఆ పడవెనకాల దూకేద్దును."

కాసేపటికి టీ పెట్టాను. తాగింది.

108వ రోజు

ధనకొండ పెద్దమ్మ తొందరగా అక్క దగ్గరికి వెళ్ళేలా పరీక్ష ముందుకి జరపమని ఒడ్డు ఆఫీసుకి మూడుసార్లు రాశాను. తారీఖులు మార్చడం కుదరదట. తుపానుల రోజులు కదా, పడవలు తక్కువ.

మెట్ట నుంచి మసేనమ్మ పెద్దమ్మ గొంతు రికార్డు పంపారు. ధనకొండ పెద్దమ్మ, నేను కలిసి విన్నాం. "ఇక్కడ అన్నీ మంచం కాడికే తెత్తన్నారే. నీళ్ళు కూడా. నడుత్తానంటే ఎక్కడికి అంటారు. నిజమే, ఎక్కడికి? ఉప్పు డబ్బా మూత గట్టిగా పెట్టు. గాలి తగిలితే నీరు కారుద్ది." మధ్యలో రెండుసార్లు దగ్గింది.

ధనకొండ పెద్దమ్మ ఆ దగ్గు దగ్గర ఆపి, మళ్ళీ వేయమంది.

మెట్ట నర్సుకి నేను వెంటనే రాశాను. రోజుకి నాలుగుసార్లు లేపి నడిపించండి, పడుకోబెడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, ఆవిడ డెబ్భై రెండు మెట్లు దిగిన మనిషి అని. చివరి మాట కొట్టేశాను. కాగితం ప్రకారం ఆవిడ దిగలేదు.

121వ రోజు

మొన్న తుపాను వచ్చింది. ఇవాళే పైకి వచ్చాం.

పదకొండు గంటలకి సైరన్ మోగింది. ముప్పావు గంటే టైము. చూస్తుండగానే ఆకాశం నల్లబడి, వాన అడ్డంగా కొట్టింది. మెట్ల మొదట్లో లెక్క పెట్టే పని నాది. ధనకొండ పెద్దమ్మ వరసలోకి వచ్చింది. చీర ఎగ్గట్టి, కొంగు బిగించి ఉంది. నా దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. కడ్డీ పట్టుకుని, పైకే లెక్కపెట్టుకుంటూ దిగిపోయింది. వెనక ముప్పై ఎనిమిది మంది ఆవిడ అడుగులో అడుగేసి దిగారు. ఆవిడకి వాన చీకటి అడ్డం కాదు. ఆ రోజు అందరికంటే నిబ్బరంగా దిగింది ఆవిడే.

రెండు రోజులు సముద్రం అడుగున, మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతూ కూచున్నాం. ఆవిడ నా పక్కనే ఉంది.

"భయం వేసిందా?" అని అడిగాను.

"భయపడే టైమెక్కడిది? ఏడు రోజుల్లో నా పరీచ్చ. అక్క కాడికి ఎల్లాలంటే బతకాలి కదా" అంది. నవ్వింది కూడా.

124వ రోజు

తుపానుకి ముందే పాడైన ఒడ్డు లైను ఇవాళ బాగుచేశారు. ఆగిపోయిన కబుర్లన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. వాటిలో మెట్ట నర్సు రాసింది ఒకటి. మసేనమ్మ పెద్దమ్మ నెమ్ముతో పోయింది. నూట పదిహేడో రోజు, మధ్యాహ్నం మూడింటికి. తుపానుకి రెండు రోజుల ముందు. దహనం కూడా అక్కడే చేసేశారు. "చివరి వారం నడవడానికి ఒప్పుకోలేదు" అని రాసింది నర్సు.

ఆ కాగితం పట్టుకుని నేను మూడో అంతస్తు దాకా ఎలా వెళ్ళానో తెలీదు. ధనకొండ పెద్దమ్మ నేల మీద కూచుని నాచు ఏరుతోంది. వేళ్ళతో తడిమి, ముదురుది ఒక పక్క, లేతది ఒక పక్క. నా అడుగుల చప్పుడు విని చేతులు ఆపేసింది.

"సెప్పు" అంది.

చెప్పాను.

"ఏ రోజు?"

"గాలికి రెండు రోజుల ముందు."

కిటికీ కింద ఎవరో విరిగిన రేకుల్ని సుత్తితో కొడుతున్నారు.

"అయితే నేను మెట్లు దిగేటప్పటికే అది లేదన్నమాట" అంది. "నేను పిచ్చిదానిలా లెక్కపెట్టుకుంటా దిగేను."

నేను పక్కన కూలబడి ఏడ్చేశాను. ఒట్టు వేసినా, రెండు వేసినా, వెయ్యకపోయినా, ఏదీ ఎటూ కాకుండా పోయింది. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆవిడ మాత్రం ఏడవలేదు. కాసేపయ్యాక మళ్ళీ నాచు ఏరడం మొదలుపెట్టింది. లేతవీ ముదురువీ కలిసిపోతున్నాయి. నేను చెప్పలేదు.

126వ రోజు

ధనకొండ పెద్దమ్మ ఏడాది కొలత. వాయిదా వేయిస్తాను అన్నాను. వద్దంది.

మెట్ల మొదట్లో, గోవిందరాజులు వినకుండా, "కావాలంటే కూచోండి పెద్దమ్మా. ఏం రాయమంటే అది రాస్తాను" అన్నాను. ఈ ఉద్యోగంలో అలాంటి మాట అనడం నాకు ఇదే మొదటిసారి.

"ఎవరి కోసం కూకోను?" అంది.

దిగింది. మూడో మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. కొంగు సరిచేసుకుని మళ్ళీ దిగింది. నలభై ఒకటో మెట్టు కూడా దాటింది. ఆగలేదు, కానీ అక్కడ పెదాలు కదిలాయి. అడుగు దాకా వెళ్ళి, వెంటనే తిరిగి ఎక్కింది. ఆరున్నర నిమిషాల్లో దిగింది. కర్ర లేదు, తోడు లేదు.

"రాయి" అంది పైకి వచ్చాక. రొప్పుతోంది.

పదింటికి పదీ ఏడులు వేశాను. చదివి వినిపించమంటే ఒక్కొక్కటీ చదివాను. తినడం ఏడు. స్నానం ఏడు. బట్ట కట్టుకోవడం ఏడు. మెట్లు ఏడు. ఆవిడ తల ఊపుతూ వింది. గోవిందరాజులు సంతకం పెట్టి, శభాష్ అని వెళ్ళిపోయాడు.

నేను కాగితాలు సర్దుకుంటున్నాను. ఆవిడ అక్కడే నిలబడి ఉంది. అక్కణ్ణించి వాళ్ళ గదికి ముప్పై అడుగులు, ఒక మలుపు. ఆ దారి ఆవిడకి కొట్టిన పిండి.

"లోవా" అని పిలిచింది. "కాస్త సెయ్యి పట్టుకుని ఇంటి దాకా తీసుకెల్లవే."

పట్టుకున్నాను.